హైడ్రాలిక్ కప్లర్ ఎక్కనప్పుడు ఒత్తిడి ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి

ట్రాలీ అయినా, రివర్సిబుల్ నాగలి అయినా, ముందు లోడరు అయినా ట్రాక్టరుకు తగిలించేటప్పుడు పిన్నులు పెట్టడం ఒక ఎత్తు, హోసు చివరి క్విక్ కప్లర్ (చేత్తోనే తగిలించి ఊడదీసే ఆయిల్ జాయింటు) ఎక్కించడం ఇంకో ఎత్తు. నిన్న సాయంత్రం తేలిగ్గా ఊడిన కప్లర్ ఇవాళ మధ్యాహ్నం ఎంత నెట్టినా లోపలికి పోదు. అప్పుడు చాలామంది సుత్తి తీస్తారు. నిజానికి కప్లర్ చెడిపోలేదు, నెట్టే చేతిలో బలానికీ కొదవ లేదు. బయటికి దారిలేని ఆయిల్ లోపల బిగుసుకుపోయి ఉంది. అది ట్రాక్టరు వైపు ఉందా, పనిముట్టు వైపు ఉందా, ఎందుకు ఇరుక్కుంది అన్నది పోల్చుకుంటే సుత్తి అవసరం రాదు.

లోపల ఏముంటుంది

ట్రాక్టరు వెనక ఉండే సగం ఫీమేల్, హోసు చివర ఉండే సగం మేల్. రెండింటి లోపలా ఒక్కో పాపెట్ ఉంటుంది. అంటే ముందు మొన, వెనక స్ప్రింగు ఉన్న చిన్న మూత. విడిగా ఉన్నప్పుడు స్ప్రింగు ఆ మూతను సీటు మీదకు అదిమి పెడుతుంది కాబట్టి ఆయిల్ కారదు. కలిపినప్పుడు రెండు మొనలు ఒకదాన్నొకటి నెట్టుకుని రెండు మూతలూ వెనక్కి జరుగుతాయి, దారి తెరుచుకుంటుంది. ఫీమేల్ లోపల చుట్టూ ఉన్న ఉక్కు గుండ్లు మేల్ మెడ మీది గాడిలో పడతాయి. పైనుండే స్లీవ్, అంటే జరిగే తొడుగు, వాటిని కదలనివ్వదు. జాయింటు దగ్గర ఆయిల్ ఆపేది ‘ఓ’ రింగు అనే గుండ్రటి రబ్బరు రింగు, దానికి ఆనుకుని ఉండే తెల్లటి టెఫ్లాన్ రింగు. ఈ రెండూ ఫీమేల్‌లోనే ఉంటాయి.

స్లీవ్ విషయంలో రెండు రకాలు కనిపిస్తాయి. చేత్తో స్లీవ్ వెనక్కి లాగి పట్టుకుని మేల్ ఎక్కించేది ఒకటి. స్లీవ్‌ను ట్రాక్టరు బ్రాకెట్‌లో బిగించి, మేల్‌ను నెడితే ఎక్కి, గట్టిగా లాగితే ఊడేది రెండోది. ఈ రెండో రకానికి ఒక ప్రయోజనం ఉంది: పిన్ను ఊడి ట్రాలీ వెనకబడితే హోసు తెగకుండా కప్లరే విడిపోతుంది. బ్రాకెట్ విరిగిందని దాన్ని గాల్లో వేలాడదీసి వాడితే ఆ రక్షణ పోయినట్టే. అప్పుడు కప్లర్ విడిపోదు, హోసు తెగుతుంది.

ఎంత ఒత్తిడికి ఎంత బలం

మూత ఆయిల్‌ను ఆపే చోట వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 1.13 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. వెనక 50 బార్లు ఉంటే ఆ మూతను కదల్చడానికి 57 కిలోల బరువంత బలం కావాలి. 100 బార్లయితే 115 కిలోలు. ట్రాక్టరు హైడ్రాలిక్స్ మామూలుగా 150 నుంచి 200 బార్ల దాకా పనిచేస్తాయి. అందులో పావు వంతు మిగిలిపోయినా చేత్తో ఎక్కించడం కష్టమే.

ఆ ఒత్తిడి రెండు విధాలుగా మిగులుతుంది. ఒకటి బరువు వల్ల: లోడరు చేతులు పైకెత్తి ఉంచి, లేదా పనిముట్టు చక్రాల మీద లేచి ఉన్నప్పుడు హోసు ఊడదీస్తే, ఆ బరువంతా సిలిండరులో ఆయిల్ మీదే ఆగి ఉంటుంది. రెండోది ఎండ వల్ల, ఇదే ఎక్కువమందిని తికమక పెడుతుంది. ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కితే పదివేలలో ఏడు వంతుల దాకా ఉబ్బుతుంది. కదలడానికి చోటు లేని ఇనుప గొట్టంలో అయితే ఒక్కో డిగ్రీకి సుమారు 10 బార్లు పెరుగుతుంది. హోసు రబ్బరు సాగుతుంది, సిలిండరు రాడ్డు రవ్వంత జరగవచ్చు, కాబట్టి పొలంలో లెక్క అంత తేలదు. అయినా రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో పడి ఉన్న నల్ల హోసు పొద్దుటికీ మధ్యాహ్నానికీ 20 డిగ్రీలు వేడెక్కడం పెద్ద విషయం కాదు. రాత్రి చల్లగా ఉన్నప్పుడు ఊడదీసిన కప్లర్ మధ్యాహ్నం ఎక్కకపోవడానికి కారణం ఇదే.

దీన్నుంచే ఒక ఉపాయం పుడుతుంది. పని ముగిసిన వెంటనే, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే కప్లర్ ఊడదీయడం మేలు. తర్వాత ఆయిల్ చల్లారి ముడుచుకుంటుంది, ఒత్తిడి పెరగదు. కప్లర్ వేడిగా ఉంటుంది కాబట్టి చేతికి గ్లవుజో గుడ్డో ఉండాలి. షెడ్డులో నీడన పెట్టగలిగితే ఇంకా మంచిది.

ఏ వైపు ఇరుక్కుందో పోల్చుకోవడం

ముందు ట్రాక్టరు వైపు చూడాలి, ఎందుకంటే అది తేలిక. పనిముట్టు నేలకు దించి ఇంజిన్ ఆపండి. ఆ కప్లర్‌కు సంబంధించిన డీసీ వాల్వు (ఆయిల్ ఏ వైపు వెళ్ళాలో మార్చే వాల్వు) లివరును ముందుకూ వెనక్కూ నాలుగైదు సార్లు పూర్తిగా కదిలించండి. ఫ్లోట్ స్థానం (ఆయిల్ రెండు వైపులా ట్యాంకుకు తెరిచి ఉండేది) ఉంటే చివరికి అక్కడ వదలండి. పంపు తిరగడం లేదు కాబట్టి వాల్వు తెరుచుకోగానే ఇరుక్కున్న ఆయిల్ ట్యాంకులోకి వెళ్ళిపోతుంది. ఎలక్ట్రానిక్ వాల్వులున్న ట్రాక్టర్లలో ఇంజిన్ ఆగాక లివరు ఒట్టినే కదులుతుంది, వాల్వు మాత్రం కదలదు. వాటికి మాన్యువల్‌లో చెప్పిన పద్ధతి వేరుగా ఉంటుంది, అదే పాటించాలి.

తర్వాత ఒత్తిడి లేదని తెలిసిన వేరే మేల్ కప్లర్ ఒకటి, విడి ముక్క అయినా సరే, ఆ ఫీమేల్‌లో పెట్టి చూడండి. అది తేలిగ్గా ఎక్కితే ట్రాక్టరు వైపు బాగానే ఉంది. ఇరుక్కున్నది పనిముట్టు వైపు.

పనిముట్టు వైపు ఒత్తిడి వదలడానికి ముందు అది నేల మీద ఆనిందో లేదో చూడాలి. పైకి లేచి ఉంటే గట్టి మొద్దులు, స్టాండ్లు పెట్టకుండా ఏ నట్టూ ముట్టుకోకూడదు. ఒత్తిడి వదలగానే ఆ బరువు కిందికి వస్తుంది. ఎండ వల్ల పెరిగిన ఒత్తిడి అయితే హోసు మీద, సిలిండరు మీద తడి గుడ్డలు కప్పి కొన్ని నీళ్ళు పోస్తే చాలాసార్లు సరిపోతుంది. ఖర్చు లేని పద్ధతి, ముందు దీన్నే ప్రయత్నించాలి.

అప్పటికీ ఎక్కకపోతే సిలిండరు దగ్గరో కప్లర్ దగ్గరో హోసు నట్టును రెండు పానాలతో పట్టుకుని అతి నెమ్మదిగా, పావు చుట్టు, ఇంకో పావు చుట్టు వదులు చేయాలి. రెండు పానాలు ఎందుకంటే ఒక్కదానితో తిప్పితే హోసు మెలి తిరుగుతుంది. నట్టు చుట్టూ మందంగా గుడ్డ చుట్టి, ముఖం పక్కకు పెట్టుకోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. మర నుంచి ఆయిల్ చెమర్చడం మొదలవగానే ఆగి, ఒత్తిడి తగ్గేదాకా చూసి, మళ్ళీ బిగించాలి. పాపెట్ మొనను మేకుతోనో పంచ్‌తోనో సుత్తితో కొట్టి వదిలించే అలవాటు మాత్రం మానేయాలి. ఒక్క దెబ్బకు మొన పక్కకు వంగుతుంది, సీటు మీద గాటు పడుతుంది. ఆ కప్లర్ ఇక ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఆ క్షణంలో ఎగజిమ్మే ఆయిల్ సంగతి వేరే చెప్పాలా? మొనను మరతో నిదానంగా నొక్కి ఒత్తిడి వదిలే చిన్న పరికరాలు దొరుకుతాయి, ఒత్తిడి ఉండగానే ఎక్కే ప్రత్యేక కప్లర్లూ ఉన్నాయి. రోజుకు రెండు మూడు పనిముట్లు మార్చే అద్దె ట్రాక్టర్లకు అవి ఖరీదైనా గిట్టుబాటవుతాయి.

ఎక్కించడం

ఒత్తిడి పోయాక మిగిలింది శుభ్రత. పోగులు వదలని గుడ్డతో మేల్ మొన, గాడి తుడవాలి. ఫీమేల్ లోపల కూడా వేలితో గుడ్డ పెట్టి తిప్పాలి. స్లీవ్ వెనక్కి లాగి మేల్‌ను నిటారుగా, ఆగకుండా ఒక్క ఊపులో నెట్టాలి. గుండ్లు గాడిలో పడగానే స్లీవ్ తనంతట తాను ముందుకొచ్చి టక్కున ఆగుతుంది. స్లీవ్ సగంలో ఆగితే కప్లర్ ఎక్కనట్టే లెక్క. హోసును ఒకసారి వెనక్కి లాగి చూడాలి, కొద్దిగా తిప్పి చూడాలి. ఇంజిన్ నెమ్మది మీద స్టార్ట్ చేసి సిలిండరును బరువు లేకుండా చివరి నుంచి చివరిదాకా నాలుగైదు సార్లు నడిపితే హోసులో గాలి బయటికి పోతుంది. గాలి ఉంటే రాడ్డు కుదుపులతో కదులుతుంది, ఆయిల్ నురగ కడుతుంది.

తర్వాత సిలిండరు లోపలికి మూసి ఉంచి, ట్రాక్టరులో ఆయిల్ మట్టం చూడాలి. కొత్త పనిముట్టు ఖాళీ సిలిండరుతో వస్తే అది తాగే ఆయిల్ తక్కువేం కాదు. 100 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), మీటరు స్ట్రోకు (రాడ్డు సాగే దూరం) ఉన్న జాకీ, అంటే ఎత్తే సిలిండరు, దాదాపు 7.85 లీటర్లు పట్టుకుంటుంది. మట్టం చూడకుండా పనికి వెళ్తే పంపు గాలి పీలుస్తుంది.

రెండు హోసులున్న డబుల్ యాక్టింగ్ (రెండు దిశల్లోనూ ఆయిలే నెట్టే) పనిముట్లకు ఏది ఏ కప్లర్‌లోకి వెళ్ళాలో ముందే రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. రివర్సిబుల్ నాగలికి హోసులు తారుమారైతే మహా అయితే లివరు తిరగేసి పనిచేస్తుంది. లోడరుకు అదే జరిగితే దించుదామని కదిపిన లివరుకు బకెట్టు పైకి లేస్తుంది. పక్కన మనిషి ఉంటే ప్రమాదమే.

సగం తెరుచుకున్న కప్లర్

పైకి చూస్తే కప్లర్ సరిగ్గానే ఎక్కి ఉంటుంది. పనిముట్టు లేస్తుంది కానీ దిగదు, లేదా నత్తనడకన దిగుతుంది. ఈ ఫిర్యాదు వచ్చినప్పుడు సిలిండరు సీళ్ళు మార్చేసిన వాళ్ళు ఎందరో. చాలాసార్లు తప్పు కప్లర్‌దే. రెండు పాపెట్ల స్ప్రింగులూ ఒకే బలంతో ఉండాలి. ఒకటి అరిగి బలహీనపడితే ఆయిల్ వేగంగా వెళ్ళే దిశలో రెండో పాపెట్ దాన్ని పూర్తిగా వెనక్కి తోసేసి, తాను తిరిగి సీటు మీద కూర్చుంటుంది. ఒక దిశలో ఆయిల్ వెళ్తుంది, రెండో దిశలో ప్రవాహమే మూతను ఈడ్చి మూసేస్తుంది. బరువైన ట్రాలీ వేగంగా దిగుతున్నప్పుడు ఇది ఎక్కువ. పరీక్ష సులువు: దిగకుండా ఆగిన పనిముట్టును లివరుతో కొద్దిగా పైకెత్తి, ఇంజిన్ నెమ్మదిగా ఉంచి చాలా నిదానంగా దించండి. నిదానంగా దిగి, వేగం పెంచగానే ఆగిపోతే అనుమానం కప్లర్ మీదకే వెళ్ళాలి. అర అంగుళం కప్లర్ నిమిషానికి 45 లీటర్ల ప్రవాహానికి తగినట్టు చేసినది. దానికంటే చిన్న సైజు కప్లర్‌ను అడాప్టరుతో తగిలించినా ఇదే గొడవ, పైగా ఆయిల్ వేడెక్కుతుంది. కప్లర్ దగ్గర హోసు కంటే కప్లరే ఎక్కువ కాలుతుంటే అక్కడ దారి ఇరుకైందని అర్థం.

ఒక్క హోసుతో నడిచే టిప్పింగ్ ట్రాలీకి వేరే చిక్కు ఉంది. దాని జాకీ సింగిల్ యాక్టింగ్, బరువుతోనే దిగుతుంది. దాన్ని డబుల్ యాక్టింగ్ వాల్వుకు తగిలించి, దించడానికి లివరును రెండో వైపు నెడితే పంపు ఆయిల్ మూసి ఉన్న రెండో కప్లర్‌కు కొట్టుకుంటుంది. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు కీచుమంటుంది, ఆయిల్ మరుగుతుంది. ట్రాలీ దిగుతూనే ఉంటుంది కాబట్టి డ్రైవరుకు తప్పు తెలియదు. లివరును ఫ్లోట్‌లో పెట్టి దించాలి. వాల్వు మీద సింగిల్, డబుల్ మార్చే స్క్రూ ఉంటే సింగిల్‌కు తిప్పాలి.

హైడ్రాలిక్ మోటారుతో తిరిగే పనిముట్లకు వరస ముఖ్యం. ఎక్కించేటప్పుడు ముందు రిటర్న్ హోసు (ఆయిల్ ట్యాంకుకు తిరిగొచ్చేది), తర్వాత ప్రెషర్ హోసు (పంపు నుంచి వెళ్ళేది). ఊడదీసేటప్పుడు ముందు ప్రెషర్, చివర రిటర్న్. రిటర్న్ కప్లర్ సరిగ్గా ఎక్కకుండా మోటారు తిప్పితే లోపలి ఒత్తిడికి షాఫ్ట్ సీలు తన్నుకుపోతుంది. మోటారు ఒక్కసారిగా కాక జడత్వంతో నెమ్మదిగా ఆగుతుంది, ఆ సమయానికి రిటర్న్ దారి తెరిచే ఉండాలి.

ఒకేలా కనిపించి కలవనివి

వ్యవసాయ ట్రాక్టర్ల మీద ఎక్కువగా కనిపించేది ఐఎస్‌ఓ 7241 ఎ రకం, అర అంగుళం సైజు. అదే ప్రమాణంలో బి రకం కూడా ఉంది, ఫ్యాక్టరీ యంత్రాల మీద వాడతారు. ఎ రకం అర అంగుళం మేల్ మూతి వ్యాసం సుమారు 20.5 మిల్లీమీటర్లు, బి రకానిది 23.5. కంటికి తేడా తెలియకపోవచ్చు, వెర్నియర్ పెడితే తెలుస్తుంది. పాత కప్లర్ చేతిలో పట్టుకుని షాపుకు వెళ్ళడం ఉత్తమం. స్కిడ్ స్టీర్ అనే చిన్న లోడర్ల మీద ఉండే చదును ముఖం కప్లర్లు మూడో రకం. ఊడదీసినప్పుడు ఒకటి రెండు చుక్కలు మాత్రమే కారతాయి, తుడవడమూ తేలిక. కానీ పాపెట్ రకంతో అవి కలవవు.

మరల దగ్గర ఇంకా పెద్ద మోసం ఉంది. అర అంగుళం బీఎస్‌పీకీ (బ్రిటిష్ పైపు మర), అర అంగుళం ఎన్‌పీటీకీ (అమెరికన్ పైపు మర) అంగుళానికి 14 చుట్లే. బయటి వ్యాసాలు 20.95, 21.3 మిల్లీమీటర్లు. కాబట్టి ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి. అయితే ఒకదాని మర కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60. ఎన్‌పీటీ చివరికి సన్నబడుతుంది కూడా. బిగించేకొద్దీ మర నలుగుతుంది, 150 బార్ల దగ్గర కారుతుంది. ఇక దాని మీద దారంలా టెఫ్లాన్ టేపు చుట్టి ఆపుదామని చూస్తే, టేపు పీలికలు ఊడి లోపలికి వెళ్ళి వాల్వులో అటూఇటూ జరిగే కడ్డీ, అంటే స్పూల్, దగ్గర ఇరుక్కుంటాయి. సమాంతర బీఎస్‌పీ మరకు ఆయిల్ ఆపేది మర కాదు, దాని ముఖం కింద వేసే వాచర్. ఉక్కు వాచర్ లోపలి అంచుకు రబ్బరు అతికించినది, దాన్ని డౌటీ వాచర్ అంటారు. అది కొత్తది వేసి బిగిస్తే చాలు.

మట్టి, కలిసిపోయే ఆయిల్

కప్లర్‌ను దుమ్ములో పడేయడం వల్ల వచ్చే నష్టం కప్లర్‌కంటే లోపల ఎక్కువ. మన కంటికి కనిపించే అతి సన్నని రేణువు 40 మైక్రాన్ల లోపు ఉండదు. డీసీ వాల్వులో స్పూల్‌కూ బాడీకీ మధ్య ఖాళీ అంతకంటే చాలా తక్కువ. మేల్ మొన మీద కంటికి కనబడని మట్టి చాలు గీతలు పడటానికి. దమ్ము చేసిన చేనులో, నల్లరేగడి బురదలో హోసు కింద పడితే కప్లర్‌ను ముందు డీజిల్‌తో కడిగి, తుడిచి, తర్వాతే ఎక్కించాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. చాలా ట్రాక్టర్లలో హైడ్రాలిక్స్‌కు, గేరు బాక్సుకు ఒకే ఆయిల్. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న మోడళ్ళలో వాటికీ అదే. ఊళ్ళో అద్దె కేంద్రం నుంచి తెచ్చిన పనిముట్టు నిన్న ఇంకో ట్రాక్టరుకు పనిచేసింది. దాని సిలిండరులో ఉన్న ఆ ట్రాక్టరు ఆయిల్, అందులోని నీళ్ళు, ఇనుప రజను మొదటి స్ట్రోకుకే మీ గేరు బాక్సులోకి వస్తాయి. పెద్ద జాకీ ఉన్న పనిముట్టు అద్దెకు తెచ్చినప్పుడు ఆయిల్ రంగు చూడాలి. తెల్లగా పాలలా ఉంటే నీళ్ళు కలిసినట్టు. తరచూ పనిముట్లు మార్చే ట్రాక్టరుకు ఫిల్టరు మార్చే గడువు తగ్గించుకోవడం తెలివైన పని. కప్లర్‌లోకి మట్టి పోకుండా ఆపడానికే డస్ట్ క్యాపులు. కప్లర్లు కలిపి ఉన్నప్పుడు రెండు క్యాపులను ఒకదానికొకటి తగిలించి ఉంచితే వాటిలోకీ దుమ్ము పోదు. ఊడదీశాక హోసు మొనలు కిందికి వేలాడేలా నాగలి చట్రానికి కొక్కెం పెట్టి తగిలించాలి.

కారుతుంటే ఎక్కడ కారుతోంది

కలిపి ఉన్నప్పుడు జాయింటులో కారితే ఫీమేల్‌లోని ఓ రింగు తెగింది, మార్చాలి. ఊడదీసి ఉన్నప్పుడు మొన దగ్గర చుక్కలు పడితే పాపెట్ సీటు మీద మట్టి చేరింది లేదా గాటు పడింది. ఓ రింగు మార్చేటప్పుడు పాతదాన్ని స్క్రూడ్రైవర్ మొనతో పొడవకుండా ఇత్తడి లేదా ప్లాస్టిక్ పుల్లతో లేపాలి, లేకపోతే గాడి గీసుకుపోయి కొత్త రింగు కూడా నిలవదు. కొత్త రింగుకు ఆయిల్ రాసి, టెఫ్లాన్ రింగు తన వైపునే ఉందో లేదో చూసి కూర్చోబెట్టాలి. మేల్ మెడ మీద గాడి అంచులు గుండ్రంగా అరిగిపోయి, గుండ్లు పట్టుకోకుండా జారుతుంటే ఓ రింగుతో పని కాదు. మేల్, ఫీమేల్ రెండూ కలిపి మార్చాలి. అరిగిన సగానికి కొత్త సగం పెడితే కొత్తది కూడా త్వరగా పోతుంది.

సన్నని చీలిక నుంచి ఆయిల్ చిమ్ముతోందని అనుమానం వస్తే చేయి పెట్టి వెతకకూడదు. అట్టముక్క పట్టుకుని ఆ చోట కదిలించాలి. అధిక ఒత్తిడి చిమ్ము చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనబడుతుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల కండ మాత్రం పాడవుతూ ఉంటుంది. దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టు కట్టుకట్టి ఊరుకోకుండా వెంటనే శస్త్రచికిత్స ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళి, హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో లోపలికి వెళ్ళిందని డాక్టరుకు ఆ మాటే చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చేయి పోయే ప్రమాదం ఉంది.